పొల్లు

మారతహళ్ళి బ్రిడ్జి పక్కన నాలుగో అంతస్తు.
రాత్రి పదకొండున్నరకు మా ఉచ్చారణ క్లాసు.
"ప్రతి మాట చివరా ఒక ఉ తగిలిస్తావు,
దాన్ని చెప్పులతో పాటు బయట వదిలి రా"
అంటుంది రీనీ కురువిళా మేడం.

నిజమే.
బస్సు, బిల్లు, పెన్ను, లైటు...
పరాయి మాట ఏది మా గడప తొక్కినా
పిడికెడు ఉ చేతిలో పెట్టి కూర్చోబెట్టుకుంటాం.
పొల్లంటే మాకు
చెనిక్కాయల్లో ఒట్టి డొల్ల,
చేటలో గాలికి పోయేది.
హల్లును అట్లా వదిలేయడానికి నోరు రాదు.

ఇంగ్లీషులో పొల్లు ఊరికే పోదంట.
పక్క మాట ముందర నిలబడిన అచ్చును
పట్టుకుని పోతుందంట.
టర్న్, ఇట్, ఆఫ్ మూడు కాదు,
టర్నిటాఫ్.
మేడం బోర్డు మీద వంపు గీతలు గీసింది,
చీర అంచుకు పికో కుట్టినట్టు.
పద్దెనిమిది మందిమి గొంతెత్తి
టర్నిటాఫ్ టర్నిటాఫ్ అన్నాం.
సెక్యూరిటీ మునియప్ప వచ్చి
ఏసీ ఆపేసి పోయాడు.

మూడో వారం, లైన్లో ఒక ముసలామె.
మోడెమ్ మీద ఎర్ర లైటు పచ్చన అయ్యేసరికి
గంట దాటింది.
చాలాసేపు ఆపినాను, ఏమనుకోకండి అన్నా.
"నాటటాల్" అందామె.

నాటటాల్.
ఊరి పేరా? మాత్రల పేరా?
స్క్రీన్ మీద వెతికితే లేదు.
ఆమె పెట్టేసింది.
తెల్లవారుజామున కంపెనీ బండి
సిల్క్‌బోర్డు సిగ్నల్లో ఆగినప్పుడు
ముడి దానంతటదే విడింది.
నాట్. ఎట్. ఆల్.
రెండు ట లూ
పక్కింటి అచ్చుల ఒళ్ళో
ఎంత నిమ్మళంగా కూర్చున్నాయో!

రూముకు రాగానే హిందూపురం నుంచి చిన్నమ్మ ఫోను.
"ఏం చేస్తాండావే?"
"తింటాండా."
అనేసి, ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయినా.
తింటా. ఉండా.
నడుమ ఉ యాడబోయింది?
గీతలు లేవు, బోర్డు లేదు.
మేడం బయట వదిలి రమ్మన్నదాన్ని
మా చిన్నమ్మ ఎప్పుడో
వక్కాకుతో కలిపి నమిలేసింది.

ఇంకొకటి మేడంకు చెప్పలేదు.
నాకిచ్చిన పేరు ఓలీవియా.
అసలు పేరు ఓబుళమ్మ.
ఫోన్ ఎత్తగానే రోజూ
దిస్, ఈజ్, అని మొదలై
దిసిజో... దాకా
రెండు పేర్లకూ ఒకటే దారి.
అక్కడ ఒక్క రవ్వంత ఆగుతా,
అవతల ఎవరో హలో, హలో అంటుంటారు.