నీళ్ళ లెక్క

విస్కాన్సిన్‌లో జనవరి.
సరస్సు మీద లారీ నడిచేంత మందాన మంచు.
మా ఆర్డెల్ అత్త వంటింట్లో మాత్రం
కిటికీలకు చెమటలు పడుతున్నాయి.

బల్ల మీద పది బ్రాండీ సీసాలు.
కింద తెల్ల బకెట్లు రెండు,
హోటల్ వాళ్ళు ఊరబెట్టిన దోసకాయలు ఖాళీ చేసి ఇచ్చినవి.
ఎన్నిసార్లు తోమిందో లెక్క లేదు,
ఇంకా అనుమానమే,
తల లోపల పెట్టి వాసన చూస్తోంది.

రేపు సాయంత్రం ఫైర్‌స్టేషన్ హాల్లో పెళ్ళివిందు.
నూట ఇరవై గ్లాసుల ఓల్డ్ ఫ్యాషన్డ్.
పెళ్ళికొడుకు రోలండ్.
ముప్ఫై ఒక్కేళ్ళు
ఈ అత్తకే మొగుడు.

"నువ్వు కలిపితే తప్ప మనవాళ్ళు తాగరు"
అంటూ ఫోన్లో నీళ్ళు నమిలాడట.
"ఎంతమంది?" అని మాత్రం అడిగిందట ఈవిడ.

నా పని నారింజలు కొయ్యడం.
తొక్క కింద తెల్లపొర తగలకుండా కొయ్యాలి.
తగిలినవి పక్కన పడేస్తోంది, తిట్టకుండా,
అది తిట్టు కంటే హీనం.

గోడమీది క్యాలెండర్ చింపి, వెనకవైపు
గుణకారాలు చేశాను నేను.
ఒక గ్లాసుకు ఇంత, నూట ఇరవైకి ఇంత.
అత్త కళ్ళజోడు ఎత్తి చూసి నవ్వింది.

"బ్రాండీ గుణకారానికి లొంగుతుంది.
చక్కెర పాకం లొంగుతుంది.
బిట్టర్స్ లొంగదురా.
ఒక గ్లాసులో మూడు చుక్కల చేదు ముద్దొస్తుంది.
అందరి చేదూ ఒకే బకెట్లో పోశావా,
మనిషి నోరు తెరవలేడు.
సగమే పొయ్యి. తర్వాత రుచి చూసి ఆలోచిద్దాం."

చెర్రీ సీసా మూత రాలేదు.
తలుపు సందులో ఇరికించి తిప్పింది.
చక్కెర మీద నారింజ ముక్కల్ని
చెక్క రోకలితో నలుపుతుంటే
ఇల్లంతా పుల్లగా, ఎండగా అయిపోయింది,
బయట మైనస్ ఇరవై అని మరిచిపోయాను.

ఇంతలో కుళాయి కింద జగ్గు పెట్టింది.
"బ్రాండీలో నీళ్ళేమిటి, మోసం కాదూ?" అన్నాను.

"గ్లాసులో ఐసు వేసి తిప్పుతాం కదా,
అప్పుడు కాస్త కరుగుతుంది.
ఎవరి కంటా పడదు. ఎవరూ లెక్కలో రాయరు.
సగం రుచి అదే.
బకెట్లో ఐసు లేదు.
కరగాల్సింది మనమే తెలిసి పొయ్యాలి."

ఎన్ని? రెండు లీటర్లు.
ఒకటిన్నర దగ్గర ఆగింది.
గరిటెతో రుచి చూసింది.
కాసేపు సరస్సు వైపు తిరిగి
నాలుక అంగిట్లో ఆడించింది.
మిగిలిన అర లీటరు
చాలా నెమ్మదిగా పోసింది.

పొయ్యి పక్కన ఇంకో చిన్న జాడీ ఉంది.
దాని మీద ప్లాస్టర్ అంటించి 'కొరీన్' అని రాసింది.
పెళ్ళికూతురు పేరు.
అందులో చక్కెర లేదు,
నారింజ తొక్కే ఎక్కువ.
"షుగర్ మనిషి" అంది.
"నీకెట్లా తెలుసు?"
"ఫోన్ చేసి అడిగాను.
నలభై నిమిషాలు మాట్లాడింది, కబుర్లపోగు."

ఫ్రిజ్‌లో బకెట్లు పట్టలేదు.
వెనక వరండాలో మంచులోకి దింపి,
రకూన్లు రాకుండా మూతల మీద తలొక ఇటుక పెట్టాం.

పొద్దున రోలండ్ వచ్చాడు, పికప్‌లో,
టోపీ చేతిలో పట్టుకొని.
ఒక మూత తీసి వాసన చూశాడు.
ఏదో అనబోయాడు.
"సోడా అక్కడ, గ్లాసులోనే పొయ్యమను.
ముందే పోస్తే పొంగు చస్తుంది" అంది.
"సరే" అన్నాడు.
ముప్ఫై ఒక్కేళ్ళలో అంత తేలిగ్గా
ఎప్పుడైనా సరే అన్నాడో లేదో.

బండి మలుపు తిరిగాక
గిన్నె అడుగున మిగిలింది రెండు గ్లాసుల్లో పోసింది.
పైన ఐసు గుప్పెళ్ళతో వేసింది.

"ఇందులో నీళ్ళు ముందే పోశాం కదా అత్తా,
ఐసు కూడా కరిగితే పలచనైపోదూ?"

కుర్చీ కిటికీ దగ్గరకు లాక్కుంది.
"కానీలే" అంది.