విడవని రాయి

మార్కాపురంలో రాయి విడిపోవడమే మా బతుకు.
ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే
పొరలు పొరలుగా లేస్తుంది.
కాశింబీ విడగొడుతుంది,
నేను గోటితో కొట్టి వింటాను.
ఖంగుమంటే బడికి.
డబ్బుమంటే గోడవతలికి.
ఇరవై రెండేళ్లుగా నాది చెవి ఉద్యోగం.

ఒక వానాకాలం లారీలు రాలేదు.
గోడవతల పడేసిన పలకలు ఏరుకొచ్చి
ఒక సంఖ్యను కొట్టి చూడటం మొదలుపెట్టాను.
ఏడు కోట్ల
ముప్పై తొమ్మిది లక్షల
ముప్పై తొమ్మిది వేల
నూట ముప్పై మూడు.

రెండుతో కొట్టాను. మూడుతో, ఏడుతో, పదమూడుతో.
ఎనిమిది వేల ఐదువందల తొంభై ఎనిమిది దాకా కొడితే చాలు,
ఆపైన ఏ సంఖ్య వర్గమైనా దీన్ని మించిపోతుంది.
అందాకా ప్రధాన సంఖ్యలే వెయ్యికి పైచిలుకు.
భాగారానికో పగిలిన పలక.
ప్రతిసారీ చివర ఎంతో కొంత మిగిలేది.
మిగిలినప్పుడల్లా
నాకు ఖంగుమని వినపడేది.

కార్తీకంలో ఒక మంచి పలకే తీసి
దాన్ని నిండుగా రాశాను.
తడిగుడ్డతో కుడి చివర మూడును తుడిచాను.
కామాలు తలో అడుగు జరిగాయి,
కోట్లు పోయి డెబ్బై మూడు లక్షల చిల్లరైంది.
అదీ విడవలేదు.
ఇంకో మూడు తుడిచాను. ఒకటి తుడిచాను.
లక్షలు పోయాయి. వేలూ పోయాయి.
ఏడువందల ముప్పై తొమ్మిది,
డెబ్బై మూడు,
ఎక్కడా ఉలి దిగలేదు.
చివరికి ఏడు, ఒక మూలన.

పెంచుదామనీ చూశాను.
కుడిపక్క ఒకటి చేరిస్తే మూడు దూరింది,
ఏడు చేర్చినా మూడే.
ఐదుకు ఐదు.
సున్నాతో కలిపి సరిసంఖ్యల సంగతి సరేసరి.
మూడు, తొమ్మిది చేర్చినా పగులుతుందట,
ఎక్కడో నాకింకా చిక్కలేదు.

కాశింబీ టీ గ్లాసు పట్టుకొచ్చి చూసింది.
"విడవని రాయి కూలియ్యదు గాలెయ్యా,
పునాదుల్లోకి తోలేస్తాం" అంది.
మళ్లీ మొత్తం రాసి చూపించాను.
చిన్నప్పుడు మసీదు అరుగు మీద
కుడినుంచి ఎడమకు దిద్దిన చెయ్యి ఆమెది.
ఆమెకు చివర అంటే ఎడమ.
కొంగు తడిపి
ఏడును తుడిచేసింది.

ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల
నూట ముప్పై మూడు.
అలవాటుగా కొట్టాను.
రెండు, మూడు, ఐదు, ఏడు,
పదకొండు.

శేషం సున్నా.

మూడు లక్షల యాభై ఎనిమిది వేల నూట మూడు.
రెండుసార్లు సరిచూసుకున్నాను.
"విడిందా?"
"విడింది."
ఆమె గ్లాసు తీసుకుని షెడ్డులోకి పోయింది.
కాసేపటికి ఉలి చప్పుడు మొదలైంది.

ఏడున్న చోట తడి ఇంకా ఆరలేదు.
ఈ పలక బడికో, గోడవతలికో తేలక
గోటితో ఒకసారి
కొట్టి విన్నాను.