ముక్కుకు గొడుగు

ములుగు రోడ్డు మీది నా షెడ్డుకు
అన్వేష్ కంటె ముందు అతని కారు గురక వస్తది.
మూడు దుకాణాల అవతల ఉండంగనే
ఓదేలు పానా కింద పెట్టి అంటడు:
"యాకూబన్నా, గాలి మింగెటోడు వచ్చిండు."

కంపెనీవాడిచ్చిన నల్లడబ్బా పీకి పారేసి
ఎర్రటి బొంగరం అసోంటి ఫిల్టరు బిగించుకున్నడు,
బంపరు వెనుక, నేలకు జానెడెత్తుల.
అక్కడ చల్లగాలి దొరుకుతదట.
దొరుకుతది, కాదన.
ఎండాకాలమంత కాజీపేట నుంచి మడికొండ దాక
పులిపిల్ల లెక్క గాండ్రిచ్చుకుంట తిరిగిండు.

ఇప్పుడు ముసురు పట్టింది.
మూడొద్దులాయె, రోడ్డుకు రంగు లేదు.
బానెట్ ఎత్తి నిలబడ్డడు
చంటిపిల్లకు పడిశం పట్టినట్టు మొఖం పెట్టి.
"అన్నా, దీనికి వాన తగలకుంట ఏమన్న చెయ్యి."

"పాత డబ్బా ఏది?"
"అమ్మిన. ఇనుపసామాన్లోనికి."

ఆ డబ్బా మూతి పైకుండె,
హెడ్‌లైటు పక్కన, లోపలికి మర్రి.
అడుగున పెసరగింజంత బొక్క.
ఏ ఇంజినీరో, ఎక్కడివాడో,
ఎన్ని వానలు తడిస్తె తట్టిందో ఆ బొక్క.
డబ్బాకు ఎంతొచ్చిందని నేనడగలె.

నిరుడు అండర్‌బ్రిడ్జి కింద ఆగిన టాక్సీని
తాడు కట్టి గుంజుకొచ్చినం.
పిస్టను గాలిని ఎంతన్న అదుముతది,
నీళ్లను అదమలేదు.
ఒక్కటే చప్పుడు అయ్యుంటది. టక్.
వంకరపోయిన రాడ్డును అరచేతుల పెట్టుకొని
సారంగపాణి చానసేపు చూసిండు.
"ఇంత ఇనుము అన్నా.
ఎన్ని నీళ్లకు?"
చాయ్ గ్లాసు చూపెట్టిన. నిండ కూడ కాదు.

సరే, పని.
ముందు పైపు కోసి, మలిపి
ముక్కును హెడ్‌లైటు ఎత్తుకు తెచ్చిన.
నూనెడబ్బా రేకు చీరి ముందట అడ్డం పెట్టిన.
పైన కప్పెతందుకు ఏం దొరకలె.
మొలకు నా గొడుగు వేలాడుతుండె.

మొదట గట్టిగ చుట్టిన.
కారు దగ్గింది, వణికింది,
దుప్పటి ముసుగుల పొర్లాడె పిలగాని లెక్క.
విప్పిన. నెత్తి మీద కొంగేసినట్టు వదులుగ కప్పి
కింద తెరిచి ఇడిసిన.
రేకు అడుగున బొక్క కొట్టిన, పెసరగింజంత.
ఎంత కాసుకున్నా కొన్ని నీళ్లు వస్తయి,
పొయ్యే తొవ్వ కూడ మనమే చూపెట్టాలె.

ఫిల్టరు పక్కకు పేపరు ముక్క దోపి
ఓదేలు పది మగ్గులు గుమ్మరిచ్చిండు, పండుగ లెక్క.
తీసి చూస్తె ఎనుమాముల మిర్చి ధర కాడ
రెండు సుక్కలు. మిగతాది పొడి.

అన్వేష్ నవ్విండు. "ఇగ నీళ్లల్ల పోవచ్చా?"
"వానల పో. నీళ్లల్ల పోకు."
"రెండూ ఒకటే కదన్నా?"
నాకు చెప్పరాలె. ఒకటి కాదని ఇనుముకు తెలుసు.

రాత్రి పదకొండింటికి ఫోను.
"నయీంనగర్ కాడున్న. నాలా పొంగింది.
ముందటి ఆటో పోయిందన్నా. నేను పోనా?"
లైన్ల వాన చప్పుడు,
దాని కింద ఇంజను మెల్లగ, పానంగ, గాలి పీలుస్తున్నది.
"ఆటో చక్రం మునిగిందా?"
"సగం."
"మర్లిపో."
ఇంకేం అనలె ఇద్దరం.
కొద్దిసేపటికి గేరు పడిన చప్పుడు వినబడ్డది.
రివర్సే అనుకున్న.

పొద్దున తడుసుకుంట షెడ్డుకు పోతె
బట్ట లేని గొడుగును విప్పి మొలకు తగిలిచ్చిండు ఓదేలు.
ఎనిమిది పుల్లలకు ఎనిమిది పానాలు,
చిన్నదాన్నుంచి పెద్దదాన్దాక.
"మంచిగున్నదా అన్నా?" అన్నడు.
నెత్తి తుడుచుకుంట
పద్నాలుగు నంబరుది అందుకున్న.