పరిగె

నల్లబల్ల మీద చాక్‌పీసుతో
నడుము నొక్కుకుపోయిన కాయొకటి గీశాను.
"ఇదేంది, చెప్పండి."

కుప్పం అవతల, మూడు రాష్ట్రాలు
మోకాళ్లు తగిలేలా కూచున్న చోటు మా బడి.
ఐదు తరగతులకూ ఒకటే గది, నేనొక్కదాన్నే టీచర్ని.

"మల్లాట" అంది పొన్నరసి.
"కడ్లేకాయి!" మంజప్ప, బెంచీ ఎక్కి మరీ.
"ఫల్లీ టీచర్, మా నానా మిద్దెమీద ఎండబెడతాడే, అది" అని షబ్రీన్.
మిగిలినోళ్లంతా ఒక్క గొంతుతో, శెనిక్కాయ.

పుస్తకంలో వేరుశనగ.
ఆ మాట ఈ గదిలో ఎవరి నోటా రాలేదు.
పోయినేడు ఇదే ప్రశ్నకు
పదకొండు జవాబులు ఎర్రసిరాతో కొట్టేశాను.
మా అమ్మయినా ఆ పరీక్ష తప్పేదే.

వెంగమ్మ గోడవారన, ఎప్పట్లానే నేలచూపు.
మామిడితోపు వెనక యానాదుల గుడిసెల్లోంచి వస్తుంది.
జూన్ నుంచి హాజరుకు చెయ్యెత్తడమే, మాట లేదు.
"నువ్వేమంటావు మే?"
"పరిగె."

వెనకెవరో కిసుక్కుమన్నారు.
నేనూ దిద్దబోయాను:
పరిగంటే కాయ కాదమ్మా,
ఒకరు పీక్కుపోయినాక ఆ చేలో
మట్టి గీరి ఏరుకునే...
సగంలో నా నోరు ఆగిపోయింది.
ఆ పిల్ల చేతికి
కాయ ఇంకో దారిన
ఎప్పుడొచ్చిందని?

బల్లమీద అన్ని పేర్లూ రాసుకుంటూ పోయాను.
చివరికి పరిగెకు చోటు చాల్లేదు.
వేరుశనగ చెరిపి
అక్కడ రాశాను, కాస్త పెద్దక్షరాలతో.

"పరీక్షలో ఏది రాయాల టీచర్?"
షబ్రీన్ అడిగింది.
ఇంకా చెప్పలేదు.