బండికి చొక్కా

వయాల్లాలో నా కుట్టు దుకాణానికి
ప్యాంటు అంచులు వస్తాయి, తెగిన జిప్పులు వస్తాయి,
ఉక్కు ఫ్యాక్టరీ నుంచి మోకాళ్ల దగ్గర కాలిన ఓవరాల్స్ వస్తాయి.
ఆ మంగళవారం ఒక ట్రక్కు వచ్చింది.

మూరెడు పొడవు. నాలుగు లావుపాటి చక్రాలు.
పైడొప్ప ఊడదీసి, పేగులు కనబడేలా
బల్ల మీద పెట్టాడు డార్సీ.
"దీనికి చొక్కా కుట్టాలి, మిసెస్ బార్బారిచ్."

పన్నెండేళ్లవాడు. గోళ్ల కింద గ్రీజు.
రిమోట్ చంకలో పెట్టుకుని
రోగిని తీసుకొచ్చిన బంధువులా చెప్పుకొచ్చాడు:
ఇది పెద్ద పళ్లచక్రం, ఇది చిన్నది,
రెంటి మధ్య ఆవగింజంత రాయి పడితే చాలు,
పళ్లు రాలిపోతాయి.
ఈ నెలలో మూడోది. ఒక్కోటీ పద్నాలుగు డాలర్లు.

వంగి చూశాను. చాసిస్ అంటే ఏముంది, అడుగున ఒక తొట్టి.
తొట్టి నిండా మా ఊరే:
ఎర్రమట్టి, ఉప్పుపొదల పుల్లలు,
గవ్వ పెంకు, ఎండిన నాచు,
కాళ్లు ముడుచుకుని చచ్చిన ఒక చీమ.

మా ఊళ్లో దుమ్ము పిలవని పేరంటానికి రాదు.
అది ఇనుము.
మోటారు కడుపులో అయస్కాంతం.
లోపలివాళ్లే పిలుస్తుంటే
వాకిట్లో నిలబడి వద్దనడానికి నేనెవర్ని?

అయినా కొలతలు తీసుకున్నాను.
నడుముకి టేపు చుట్టాను,
షాక్ అబ్జార్బర్ల దగ్గర చంకలు వదిలాను.
ఈతదుస్తుల సాగే గుడ్డ, రెండు వరసల కుట్టు,
అంచు చుట్టూ వెల్క్రో.
పెళ్లికూతురి గౌనుకి కూడా ఇన్ని టాకాలు వేయలేదెప్పుడూ.
గాలైనా అడిగి వెళ్లాల్సిందే అన్నట్టు బిగించి
ఇరవై డాలర్లు చెప్పి పన్నెండు తీసుకున్నాను.

శనివారం వాడికంటే ముందు
కాలిన వాసన వచ్చింది తలుపులోంచి.
మోటారు ఉడికిపోయింది.
పళ్లచక్రం పోయింది, నాలుగోది.
వెల్క్రో చిర్రున లాగి చూపించాడు.
మట్టి లేదు, పుల్ల లేదు, చీమ లేదు.
ఒకే ఒక్క రాయి.

ఎలా దూరిందో.
నా కుట్లలో ఎక్కడో దానికొక సందు దొరికింది,
తిరిగి పోవడానికి దొరకలేదు.
తొట్టిలో అటూ ఇటూ దొర్లి దొర్లి
పళ్ల మధ్యకే వచ్చి పడింది పాపం.

డార్సీ నన్నేమీ అనలేదు. అదే కష్టం.
"చొక్కా బాగుంది" అన్నాడు. "బండే తట్టుకోలేదు."

నలభై ఏళ్లుగా కుడుతున్నాను.
ఊపిరాడని చొక్కా ఏ మనిషికైనా ఇచ్చానా?
చక్రాలు చూడగానే ఆ సంగతి మర్చిపోయాను.

కత్తెర తీసి, తొట్టి వెనక కొసన
రెండు వేళ్ల వెడల్పు కోశాను.
కోసినచోట పైనుంచి వేలాడేలా ఒక నాలుక కుట్టాను.
మోటారు మీద గుడ్డ తీసేసి
మా కిటికీ పాత దోమతెర ముక్క అతికాను.
దారం పళ్లతోనే తెంపాను.

"అయితే దుమ్ము వస్తుంది కదా?"
"వస్తుంది. పోతుంది కూడా."
ఈసారి డబ్బులు తీసుకోలేదు.

ఆదివారం, అల వెనక్కి తగ్గిన బురద పక్కన
మడతకుర్చీ వేసి నన్ను కూచోబెట్టాడు.
ట్రక్కు దిబ్బెక్కి గాల్లోకి లేచింది,
నేల మీద దబ్బున పడింది,
వెనక నాలుక పైకి లేచి
చిటికెడు ఎర్రపొడి బయటికి ఊసింది,
పొలమారిన పిల్ల తేరుకున్నట్టు.
వాడు నా వైపు చూడలేదు. రెండో దిబ్బకి తిప్పేశాడు.

ఆ రాయి నా దగ్గరే ఉంది, గుండుసూదుల గిన్నెలో.
దుకాణం మూసే ముందు
రాలిన సూదుల కోసం నేల మీద అయస్కాంతం తిప్పి
గిన్నె దగ్గరికి తెస్తానా,
సూదులు దులపకముందే
అది ఎదురొచ్చి టక్కున అంటుకుంటుంది.
గోటితో విడదీసి పక్కన పెడతాను.
దీపం ఆర్పేస్తాను.