బెజ్జం

గుణుపురం సంతవీధిలో మా పూసల కొట్టు.
పై అరలో తాత నాటి రేకు డబ్బా,
మూత మీద చెరిగిపోయిన అచ్చు,
మా ఇంట్లో ఎవరూ చదవని ఊరి పేరు.
యాభై రెండో ఏట, చత్వారం అద్దాలు తుడుచుకుని
ఆ మూత చదవడం మొదలెట్టాను.

బడిలో నాది ఒడియా మీడియం.
డు ము వు లు నాన్న చెప్పినవే,
పూసలు గుచ్చుతూ, విభక్తికో ముడి వేస్తూ.
మాట ముందు నడుస్తుంది
విభక్తి వెనకాల, చెంగు పట్టుకున్న చంటిదానిలా.
చెక్ భాషలో ఇదేటి,
చంటిదే ముందు నడుస్తాది!
అది ఎదురొస్తే చాలు, పెద్ద పెద్ద మాటలు
తోక మార్చుకుని తప్పుకుంటాయి.

కొన్నిటి ఒంటి మీద అచ్చు గుడ్డపేలికైనా లేదు.
వ్. క్. స్. జ్.
ఇవీ మాటలేనట.
పొల్లు దగ్గర ఆగలేని నోరు నాది,
క్ అనమంటే కు అంది.
పక్క మిఠాయి కొట్టు దైతారి తలెత్తి చూశాడు.
ఇంటికి అని నేను,
ఘరకు అని వాడు,
క్ దొము అని ఆ పుస్తకం,
ముగ్గురం ఒకే గుమ్మం వైపు.

న అంటే మీద.
వంశధార ఒడ్డున, చివర్న కూర్చునే మా న
అక్కడ లేచెళ్ళి ముందు కూర్చుంది.
అంతే కదా అనుకున్నాను.

డబ్బా మీది ఊరికి ఉత్తరం రాశాను.
కార్ఖానా మూసేసి చాన్నాళ్ళయిందని
వ్లాస్తా అనే ఆవిడ జవాబిచ్చింది,
ముప్ఫై ఏళ్ళు అక్కడ పూసలు తూచిందట.
కింద నా ఉత్తరం నకలు, ఎర్రసిరా దిద్దుళ్ళతో:
"మీ కాపురం నదిలోనా?
మరి కాగితం తడవలేదే?"
ఏటి ఒడ్డున అనబోయి ఏట్లో అన్నాను.
శ్రావణంలో నిజమేనమ్మా, అని రాశాను,
ఈసారి తోకలు చూసుకుని.

వాళ్ళు ఒక సీమ"లో" ఉంటారు,
పక్క సీమ "మీద" ఉంటారు. ఎందుకని అడిగాను.
తెలీదంది, ఎప్పుడూ అంతేనంది.
నాకు తెలిసినట్టే అనిపించింది.
మేం ఒడిశాలో ఉంటాం,
తెలుగు మీద ఉంటాం.

పుట్టాసింగి కొండ దిగి సుంబారి వచ్చింది సంతకి.
తల్లి వేసుకున్న పేట తెగింది, పదకొండు పూసలు వాగు పాలు.
పైన ఇటికరంగు, లోపల తెలుపు.
డబ్బా అడుగు గీకితే నాలుగు దొరికాయి.
మూడు రాత్రులు దిద్దుకుని
ఒక్క తప్పూ లేకుండా వ్లాస్తాకి రాశాను.
ఒక్క తప్పూ లేదని మెచ్చుకుంది.
ఆ రంగు పోసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరంది.

బెజ్ అంటే లేకుండా.
దాని వెనకొచ్చే మాటకి షష్ఠి తగిలించాలి.
యొక్క.
లేనిదానికీ, సొంతదానికీ ఒకటే ముడి.
రాత్రి కొట్టు కట్టేస్తూ ఈ సంగతి
నాన్న పీట వైపు తిరిగి చెప్పబోయాను.

సుంబారి నాలుగు పూసలూ గుచ్చుకుంది.
మిగతా ఏడింటి చోటు దారం ఖాళీగా వదిలింది.
ముడెయ్యనా, అన్నాను ఒడియాలో.
వద్దని చెయ్యూపి, దారం వేలికి చుట్టుకుంటూ
సవరలో ఏదో అంది.

నలభై ఏళ్ళుగా ఆ భాష మా కొట్టు ముందే నిలబడి
బేరమాడి, చిల్లర లెక్కెట్టుకుని వెళ్తోంది.
అందులో విభక్తి ముందో వెనకో
ఇవాళ్టిదాకా నేనడగలేదు.

సుంబారీ, ఇంకోపాలి అను, అన్నాను.
నవ్వింది. నెమ్మదిగా అంది.
బిల్లు పుస్తకం తిరగేసి పట్టుకుని
ఏ అక్షరంతో మొదలెట్టాలో
చూస్తున్నాను.