మూత యాడుందో

యర్రగుంట్లలో మా ఇల్లు కట్టి పదమూడేండ్లు.
ట్యాంకు మూత యాడుందో
కట్టిన మేస్త్రీకి తెలుసు. ఆయన లేడు.

మౌలాలి గడ్డపార తిరగేసి
పెరటి బండల్ని ఒక్కొక్కటే తట్టినాడు,
కలింగర పండ్లు ఏరుకునేటోని మాదిరి చెవి వంచి.
ఠంగు. ఠంగు. ఠంగు.
వడియాలు ఎండబెట్టే బండ కాడ
డొల్లగా పలికింది.

నా పెండ్లాం నా మొగం చూసింది.
ఎన్ని ఎండకాలాలు!

నాపరాయి లేపి ఎడంగా కూసున్నాడు.
బీడీ ముట్టించలేదు, నన్నూ ముట్టించనీలేదు.
"గాలి పోనీ సార్."

ట్యాంకరు గొట్టం దిగి గడగడా తాగినాక
ఊడిపోయిన టీ పైపు అడుగున కనబడింది.
"దిగి తీసేస్తే పాయె గదా,
ఇంకో ఐదొందలిస్తా."

ఆ మాట అన్నది నేనే.

కోపం చేసుకోలేదు.
"మా చిన్నాయన ప్రొద్దుటూరులో దిగినాడు సార్,"
అని, పొడుగు వెదురుకు కొక్కెం కట్టుకున్నాడు.
గంటన్నర పట్టింది.
నీడ కాళ్ల కిందికొచ్చింది.

కొత్త పైపు బిగించి బండ మూసినాక
సున్నంతో తేదీ రాసినా.
మూడేండ్లకు మళ్లా తీయాలంట.
దాని కింద, చోటు చాలక
ఇరుకిరుగ్గా:
ఎవురూ దిగొద్దు.

వడియాలు ఇప్పుడు మిద్దె మీద.